కేసు ఫైలులో పెట్టే హత్య ఫోటోలు సినిమా పోస్టర్ల మాదిరి వస్తా ఉండాయి, ఎట్ల సరిచేయాల?

బైరాగిపట్టెడ_కెమెరా:
అందరికీ నమస్తే. షార్ట్‌ఫిల్మ్ తీస్తా ఉండాం. కథ 2003లో, చంద్రగిరి పక్క పల్లెలో. సీఐ ఫైలు తెరిస్తే ఆరు ఫోటోలు కనబడాల. నిన్న మా మామ వాళ్ల పాత ఇంట్లో తీసినాము. 50 ఎంఎం లెన్సు, కిటికీ వెలుతురు, వెనకంతా బ్లర్. చూసేదానికి బాగుండాయి గానీ పోలీసోళ్లు తీసిన ఫోటోలని ఎవరూ నమ్మరు. అనుభవం ఉండే వాళ్లు చెప్పండన్నా.

పాత_రీలు:
బాబూ, 1994 నుంచి పన్నెండేండ్లు స్టూడియో నడిపినా. కానిస్టేబుల్ వచ్చి "రాప్పా, బాడీ ఉండాది" అని బండెక్కించుకొని పోయేవాడు. ఆ ఫోటో అందానికి కాదు. అక్కడుండే దాంట్లో ఏది రేపు కోర్టులో పనికొస్తాదో తీసేటప్పుడు మనకు తెలీదు, అందుకని అన్నీ కనబడాల. నువ్వు ఆరూ దగ్గరివే తీసుంటావు. మేము ముందు వీధిలోనుంచి ఇల్లు, తర్వాత గది మూలల్లోనుంచి గదంతా, తర్వాత బాడీ తలుపుకు ఎంత దూరమో తెలిసేట్టు ఒకటి, ఆఖర్న గాయం తీసేవాళ్లం. బ్లర్ పనికిరాదు, లెన్సు రంధ్రం (అపెర్చరు) చిన్నది చేసి ఎఫ్ 8 గానీ 11 గానీ పెట్టు. కిటికీ మూసేసి ఫ్లాష్ కెమెరా నెత్తినే పెట్టి కొట్టు. ముందుండేది తెల్లగా పాలిపోవాల, వెనక మూల చీకటి పడాల.

గది సర్దొద్దు. సగం నీళ్లుండే చెంబు, కొక్కేనికి తువ్వాలు, గోడకు స్వామి క్యాలెండరు ఉండనీ. క్యాలెండరు 2003దే కావాల. ఫ్రేము అంచులో కానిస్టేబుల్ బూటు, గడపలో జనం కాళ్లు పడినా తీసెయ్యొద్దు. సాక్ష్యాల పక్కన పెట్టే నంబర్ల పసుపు పలకలు నేను పోయిన చోట్ల ఎన్నడూ చూడలేదు, సుద్దముక్కతో గీత గీసేవాళ్లు.

ఒక ఇంట్లో గడప దగ్గర చెప్పులు తీయకుండా వచ్చేసినా. నెల తర్వాత ఎస్సై అడిగినాడు, ఆ పొద్దు చెప్పులు యాడుండె అని. నా రీలులో లేవు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నిద్ర పట్టదు.

ఎమ్మెస్సీ_ఫోరెన్సిక్:
పెద్దాయన చెప్పింది మా పాఠంలోనూ అదే వరస: దూరం, మధ్య, దగ్గర. దగ్గరి ఫోటోలు జంటగా తీయాలి, స్కేలు లేకుండా ఒకటి, స్కేలుతో ఒకటి. లేకపోతే స్కేలు కింద ఏం దాచారని అడుగుతారు. కెమెరా గాయానికి నిటారుగా ఉండాలి, వంకరగా ఉంటే కొలత తప్పుతుంది. మేం వాడే ఎల్ ఆకారం స్కేలు మీద గుండ్రాలుంటాయి, ఫోటోలో అవి కోడిగుడ్డులా కనబడితే కెమెరా వంగిందని అర్థం. మీ కథకు బడిపిల్లల స్కేలు చాలు. మట్టిలో కాలిముద్ర ఉంటే పైనుంచే తీయండి, వెలుతురు మాత్రం పక్కనుంచి, నేలకు బాగా దగ్గరగా వేయండి. నీడ పడితేనే ముద్ర లేస్తుంది.

మేకప్ విషయం. వెల్లకిలా పడినవాడి ముఖానికి ఊదా రంగు పూయకండి. రక్తం కిందికి దిగుతుంది కాబట్టి ఆ రంగు వీపు వైపు వస్తుంది. అక్కడ కూడా నేలకు ఒత్తుకున్న చోట చర్మం పాలిపోయే ఉంటుంది.

మేకప్_శ్రీకాళహస్తి:
రక్తం గురించి ఒక మాట. కుంకుమరంగు పాకం ఫ్లాష్‌కు కుంకుమలాగే మెరుస్తుంది. పోలీసులు వచ్చేసరికి గంటలు గడిచి ఉంటాయి, రక్తం గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. చిక్కటి కాఫీ డికాషన్ కలపండి. అంచు ముందు ఆరుతుంది, నడుమ తడిగా ఉంటుంది. కడప బండల నేల అయితే మరక సరిగ్గా కనబడదు, సిమెంటు నేల చూసుకోండి.

పుత్తూరు_ఆర్ట్:
ఫైలు మీద "తిరుపతి జిల్లా" అని రాయొద్దు, ఆ జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. 2003లో చంద్రగిరి చిత్తూరు జిల్లాలోనే ఉంది. శవ పంచనామాకు సీఆర్‌పీసీ 174, హత్యకు ఐపీసీ 302. వాటి బదులొచ్చిన కొత్త చట్టాలు 2024 జూలై 1 నుంచే. ఫోటోలు మ్యాక్సీ సైజులో (4x6 అంగుళాలు) వేయించి అట్టకు అతికించండి.

రేణిగుంట_రవాణా:
దయచేసి ఇది వినండి. మా కాలేజీ నాటకానికి తీసిన ఇట్లాంటి ఫోటో ఒకటి వాట్సాప్‌లో "రైల్వే గేటు దగ్గర హత్య" అని తిరిగింది. ఫోటోలోని పిల్లోడి నాయన బస్సులో ఉండగా చూసినాడు. ఆయన ఇల్లు చేరేవరకు పడిన బాధ నేను కళ్లారా చూసినా. ఫైళ్లు గ్రూపుల్లో పెట్టొద్దు, పంపాల్సి వస్తే "చిత్రీకరణ" అని ఫోటోలోని ముఖం మీదనే అడ్డంగా రాయండి. షూటింగ్ ముందు పక్కింటోళ్లకూ స్టేషన్లోనూ చెప్పండి.

బైరాగిపట్టెడ_కెమెరా:
ఆదివారం మళ్లీ తీసినాము. స్టేషన్లో చెప్పినాము, నటించినోడి ఇంట్లోనూ చెప్పినాము. కిటికీ మూసి నేరుగా ఫ్లాష్ కొడితే మొదటి ఫోటోకే గది మారిపోయింది. డికాషన్ మాత్రం మూడుసార్లు కలపాల్సి వచ్చింది. ఆరులో మూడు దూరంవే పెట్టినాము. పెద్దాయనా, మూడో దాంట్లో గడప దగ్గర చెప్పుల జత ఉండాది. ఒకటి బోర్లా పడింది, అట్లే తీసినాము.