మండే తల లేని ఘోస్ట్ రైడర్: పాత కౌబాయ్ కామిక్స్ మళ్ళీ వేయడం ఎలా? (చర్చ)

అబిడ్స్ ఆదివారం:
పాత అమెరికన్ కౌబాయ్ కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళు మనలో కొద్దిమందే అని తెలుసు, అయినా అడుగుతున్నా. మ్యాగజైన్ ఎంటర్‌ప్రైజెస్ వాళ్ళ ‘ఘోస్ట్ రైడర్’ కథలు కొన్ని నా దగ్గరున్నాయి. తల మండుతూ మోటార్ సైకిల్ మీద తిరిగేవాడు కాదండీ, అతనికంటే ఇరవై ఏళ్ళు పైగా ముందువాడు. 1949లో ‘టిమ్ హోల్ట్’ అనే కామిక్ 11వ సంచికలో మొదలయ్యాడు. బొమ్మలు డిక్ ఎయర్స్. బట్టలు తెలుపు, గుర్రం తెలుపు. భుజాల మీది దుప్పటికి మాత్రం లోపలివైపు నలుపు. దాన్ని తిప్పి కప్పుకుంటే చీకట్లో ఒళ్ళు మాయం, తల ఒక్కటే గాల్లో తేలుతుంది. దొంగలు తుపాకీ పేలకముందే సగం చస్తారు! రెండు మూడు కథలు శుభ్రం చేసి చిన్న పుస్తకం వేయాలని ఉంది. హక్కుల గొడవ ఏమైనా ఉంటుందా?

డల్లాస్ శీను:
అమెరికా వరకు చెప్తా. 1964కి ముందు అచ్చయినవాటికి ఇక్కడ 28వ ఏట కాపీరైట్ రెన్యువల్ చేయించుకోవాల్సి ఉండేది. చేయించకపోతే హక్కులు అంతటితో సరి. మ్యాగజైన్ ఎంటర్‌ప్రైజెస్ 1958లోనే మూతపడింది. 1949 కథకి 1977లో దరఖాస్తు పెట్టడానికి ఎవరు మిగిలారు? ఆ కంపెనీ కథలు ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు.

చిక్కల్లా పేరుతోనే. 1967లో మార్వెల్ వాళ్ళు అదే పేరుతో, దాదాపు అదే వేషంతో కౌబాయ్‌ని దింపారు. గీయించింది కూడా ఎయర్స్ చేతనే! 1972లో ఆ పేరు మోటార్ సైకిల్ కుర్రాడికి పోయింది. కౌబాయ్‌కి తర్వాత ‘ఫాంటమ్ రైడర్’ అని పేరు మార్చారు. ఫ్లోరిడాలో ఏసీ కామిక్స్ నడిపిన బిల్ బ్లాక్ పాత కథలు మళ్ళీ వేసినప్పుడు హీరోని ‘హాంటెడ్ హార్స్‌మన్’ చేశాడు. అంటే కథ మీ ఇష్టం, అట్ట మీద పేరు మాత్రం జాగ్రత్త. టిమ్ హోల్ట్ నిజం సినిమా నటుడు కాబట్టి ఆయన ఫోటో ఉన్న అట్టల జోలికి అసలే వెళ్ళకండి. ఇండియాలో అమ్మేట్టయితే ఇక్కడి మాటలు నమ్ముకోకుండా లాయర్‌ని అడగండి.

ప్రెస్ బాబాయ్, బెజవాడ:
స్కానింగ్ సంగతి నేను చెప్తా. కంప్యూటర్లు లేని రోజుల్లో గ్రెగ్ థీక్‌స్టన్ అనే ఆయన ఒక పద్ధతి వాడేవాడు. పాత కామిక్ పేజీని బ్లీచ్‌లో ముంచితే రంగులు పోయి నల్ల గీతలు మిగులుతాయి. దాన్ని ఫోటో తీసి అచ్చువేయడమే. అసలు ప్రతి గంగలో కలిసినట్టే అనుకోండి. ఎన్ని కథలు అలా బతికినా, తల్చుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడా అవసరం లేదు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. న్యూస్‌ప్రింట్ పల్చన, వెనకపేజీ బొమ్మ ఇటు కనిపిస్తుంది. పేజీ వెనక నల్ల కాగితం పెడితే అది చాలావరకు పోతుంది. పాత అచ్చులోని రంగు చుక్కలు నున్నగా చేసే ఫిల్టర్ మాత్రం వాడొద్దు, ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. అచ్చుకి ఆర్ట్ పేపర్ దండగ. నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని మామూలు పుస్తకాల కాగితం, 80 జీఎస్‌ఎం మందంలో చాలు.

గుర్రపునాడా:
బాబాయ్ మాటకి సాక్ష్యం నేనే. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఇలాంటి రీప్రింట్ కొన్నా. ఆకాశం నిండా అలలు అలలుగా గీతలు, మాటల బెలూన్లలో అక్షరాలు అలుక్కుపోయాయి. ఫోన్లో చూసే ఫైలుని అలాగే అచ్చుకొట్టి పంపాడు. డబ్బులు తిరిగి ఇమ్మంటే ఉలుకూ పలుకూ లేదు.

నెల్లూరు రెడ్ మాస్క్:
ఒక ఇబ్బంది ఎవరూ ఎత్తలేదు. ఘోస్ట్ రైడర్ పక్కన సింగ్-సాంగ్ అని చైనా సహాయకుడు ఉంటాడు. వాడి మాట, ముఖం అన్నీ వెటకారమే. అవి ఉంచుతారా, తీసేస్తారా?

అబిడ్స్ ఆదివారం:
ఉంచుతానండీ. ముందుమాటలో ఉన్నదున్నట్టు చెప్తా. దిద్దితే అది 1950 నాటి పుస్తకం ఎలా అవుతుంది?

నెల్లూరు రెడ్ మాస్క్:
మీ ఇష్టం. నేనైతే వాడు తక్కువగా ఉన్న కథలు ఏరుకుంటా. పిల్లలు కూడా చదువుతారు.

చెన్నై తెలుగోడు:
శివకాశి నుంచి లయన్-ముత్తు కామిక్స్ వాళ్ళు ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్‌ని తమిళంలో ఇప్పటికీ వేస్తున్నారు. ముందే డబ్బు కట్టి తెప్పించుకునే పాఠకులున్నారు. మీరూ ముందు పేర్లు రాయించుకుని ఆ తర్వాతే ప్రెస్‌కి వెళ్ళండి.

ఇంకోటి. మరిచిపోయిన హీరో అంటే నాకు లోబో గుర్తొస్తాడు. డెల్ కామిక్స్ వాళ్ళు 1965లో తెచ్చారు. సొంత పేరుతో కామిక్ వచ్చిన మొదటి నల్లజాతి హీరో. ఓడించిన దుండగుడి నుదుటి మీద ‘ఎల్’ అక్షరం ఉన్న బంగారు నాణెం పెట్టి వెళ్తాడు. రెండే సంచికలు. చాలా దుకాణాలు కట్టలు విప్పకుండానే వెనక్కి పంపాయని గీసిన టోనీ టల్లరికో చెప్పాడు.

డల్లాస్ శీను:
లోబో 1964 దాటినవాడు, నేను చెప్పిన రెన్యువల్ లెక్క అతనికి వర్తించదు. విడిగా చూసుకోవాలి.

వైజాగ్ తేమ:
సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఒక మాట. పిన్నులు తుప్పుపడితే ముందు ఊడేది నడిమి షీటే. ఆ ఒక్క కాగితంతో నాలుగు పేజీలు పోతాయి. కొనేముందు పేజీలు లెక్కపెట్టండి, అట్ట చూసి మురిసిపోకండి. మామూలు పాలిథిన్ కవర్లలో ఏళ్ళ తరబడి పెట్టొద్దు. మైలార్ (పాలియెస్టర్) కవరు, యాసిడ్-ఫ్రీ అట్ట ఖరీదైనా తప్పదు.

అబిడ్స్ ఆదివారం:
ఇప్పుడే తీసి లెక్కపెట్టా. ఒకదాంట్లో నిజంగానే నడిమి షీటు లేదు! ఘోస్ట్ రైడర్ మూడో సంచిక. ఎవరి దగ్గరైనా ఉందా?

గుర్రపునాడా:
డిజిటల్ కామిక్ మ్యూజియంలో చూడండి, హక్కులు తీరిన కామిక్స్ స్కాన్లు అక్కడ ఉచితం. అచ్చుకి సరిపోయే సైజు లేకపోతే చెప్పండి, నా దగ్గరున్నది స్కాన్ చేసి పంపుతా. నల్ల కాగితం కొనుక్కోవాలంతే.