కోక సుట్టితి: నడుముకా, తలకా?

మల్కాజిగిరి నుంచి:
మా మేనకోడలు మాదాపూర్‌లో ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. కాలేజీ పోటీలో ఈసారి అంశం, సినిమాలోని ఒక వేషాన్ని ఇవాళ వేసుకోగలిగేలా కుట్టడం. పౌరాణికాలూ చారిత్రకాలూ వారం రోజులు చూసి, రాజాస్థానానికి వెళ్లే కవి దగ్గర ఆగింది. "అత్తా, తలమీద ఆ పొడుగు టోపీని ఏమంటారు?" అంది. కుల్లాయి అన్నానో లేదో శ్రీనాథుడి చాటుపద్యం నోట్లోకి వచ్చేసింది. "కుల్లా యుంచితి, కోక..." అక్కడే గొంతు పట్టేసింది. కట్టితా, చుట్టితా, సుట్టితా, జుట్టితా? నిన్నటి నుంచీ ఇదే టెన్షన్. తర్వాతి "మహా కూర్పాసముం దొడ్గితిన్" మాత్రం బాగా గుర్తుంది.

నల్లకుంట నుంచి:
సుట్టితి. ప్రథమా విభక్తి మీది పరుషం, గసడదవాదేశం: క చ ట త పలు గ స డ ద వలవుతాయి, కాబట్టి చు సు అయింది. మా నాన్నగారు పూజగదిలో గట్టిగా చదివేవారు, ఆ "సు" ఇప్పటికీ చెవిలో ఉంది.

విద్యానగర్ నుంచి:
ఇక్కడ కోక కర్మ కదండీ, ప్రథమ ఎలా అవుతుంది? కోకన్ + చుట్టితి, ద్రుతం (చివరి నకారం) మీద సరళం, అంటే చు జు అవుతుంది. కోకఁ జుట్టితి. అచ్చు పుస్తకాల్లో అరసున్న ఎగిరిపోయాక "జు"కు దిక్కు లేకుండా పోయింది.

నల్లకుంట నుంచి:
కోక జడం. జడానికి ద్వితీయార్థంలో ప్రథమ రాదా? అన్నం తిన్నాడు, నీళ్లు తాగాడు అనమా?

తార్నాక నుంచి:
గసడదవలు బహుళం అన్నాడు చిన్నయసూరి. అంటే "చు" కూడా నిలుస్తుంది. ఛందస్సు కూడా తేల్చదు. శార్దూలంలో ఆ చోట జగణం (లఘువు, గురువు, లఘువు) కావాలి. క-చుట్టి, క-సుట్టి, క-జుట్టి, చివరికి క-కట్టి అన్నా సరిపోతుంది. యతి కు–కూ కాబట్టి దాని జోలికే పోదు. నన్నడిగితే అసలు ప్రశ్న అర్థం గురించి. ధోవతి కడతాం, తలపాగా చుడతాం. కవి "చుట్టితి" అన్నాడంటే ఆ కోక తలకే.

విద్యానగర్ నుంచి:
లుంగీ చుట్టుకోమా మాస్టారూ?

తార్నాక నుంచి:
చుట్టుకుంటాం, ఇంట్లో ఉన్నప్పుడు. ఈయన వెళ్తున్నది విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువుకు. ఇంకొకటి. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల జరీ టోపీ మీద సన్నని పట్టుగుడ్డ కప్పి ఉందని రాశాడు. కుల్లాయి, దాని మీద కోక. పద్యంలో వరస కూడా అదే.

అశోక్‌నగర్ నుంచి:
పేస్ చూసింది శ్రీనాథుడి తర్వాత దాదాపు వందేళ్లకు. తిరుమలలో మహాద్వారం దాటగానే కృష్ణదేవరాయలవారి లోహ ప్రతిమ ఉంది, ఇద్దరు దేవేరులతో. నేను ఆగి ఆగి చూశాను. తలమీద కుల్లాయి నున్నగా, కొండకొమ్ములా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ గుడ్డ లేదు. నడుముకు పంచె, పైన అంగీయే లేదు. దేవుడి ముందు కాబట్టి అలా ఉన్నారనుకుంటాను. కొలువులో వేరు. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ప్రౌఢదేవరాయలు పట్టు అంగీలో ఉన్నాడని రాశాడు. శ్రీనాథుడు తొడిగింది అలాంటి అంగీనే. అమరకోశంలో కూర్పాసకమంటే చోళం, అంటే రవిక. దాన్ని మగవాడి పొడుగు అంగీ చేయడానికే "మహా" చేర్చాడు. కబాయి (పొడుగు అంగీ) అనే మాట వాడకుండా సంస్కృతంలో దాని కొలత చెప్పాడు! అమ్మాయితో చెప్పండి, ఆ "మహా"ను కత్తిరించవద్దని. మోకాలు దాటాలి.

నల్లకుంట నుంచి:
"తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుడన్." ఈ పాదం దగ్గర నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. పై పాదాల్లోని వెల్లుల్లి, నువ్వుల పిండి, పరాయి బట్ట, అన్నీ భరించి చివరికి చెప్పుకున్నది పేరొక్కటే. చాటువే కావచ్చు, ఆయనది కాదని ఎవరైనా అన్నా నేను ఒప్పుకోను. కాశీఖండం రాసిన చెయ్యి ఎంత తేలిక మాటల్లో కూర్చుందో చూడండి.

మల్కాజిగిరి నుంచి:
అందరికీ ధన్యవాదాలండీ. మా పిల్లకు ప్రాజెక్ట్ రన్‌వే అనే అమెరికన్ టీవీ ఫ్యాషన్ పోటీ అంటే పిచ్చి. 2004లో మొదటి ఎపిసోడ్‌లోనే సరుకుల కొట్టులో దొరికినవాటితో బట్టలు చేయమన్నారట, మొక్కజొన్న పొత్తుల ఆకుతో చేసిన గౌను గెలిచిందట.

విద్యానగర్ నుంచి:
అది నారచీరే! సంస్కృతంలో చీరమంటే నారబట్ట కూడా. మన చీర దాని నుంచే వచ్చిందా, చీరు అనే క్రియ నుంచి వచ్చిందా అన్నది వేరే చర్చ. పాత తెలుగులో మగవాళ్లకూ చీరలున్నాయి, కోకలున్నాయి. కాబట్టి కోక అనగానే అమ్మాయి కంగారుపడక్కర్లేదు.

మల్కాజిగిరి నుంచి:
పడలేదు. నిన్న జనరల్ బజార్‌లో ఐదు గజాల సన్న నూలు కొన్నాం. తాను విప్పి షాపులోనే భుజం మీదుగా వేసి చూసింది. మడత పెడితే పిడికిట్లో పట్టేంత పల్చన, అంచుకు వేలెడు ఎర్ర చార. కృష్ణానగర్‌లో అద్దెకిచ్చే కుల్లాయి తెచ్చి దానికి చుడితే మూడు చుట్లకే ముందుకు జారింది. అదే గుడ్డ నడుముకు చుడితే నిలిచింది.

తార్నాక నుంచి:
అట్టతో చేసిన అద్దె టోపీ అయితే జారుతుంది. లోపల గట్టి కాన్వాసు వేసి, అడుగున పట్టీ కుట్టి, మళ్లీ చుట్టి చూడమనండి.

నల్లకుంట నుంచి:
ఎక్కడ చుట్టినా సుట్టితే.

అశోక్‌నగర్ నుంచి:
ఇవన్నీ సరే. మూడో పాదంలో "చల్లా యంబలి ద్రావితిన్" ఉంది కదా. చల్ల + అంబలి అయితే ఆ "ల్లా" దీర్ఘం ఎక్కడిది?