ఫ్లాగ్ అటామికే, అయినా కెర్నల్ థ్రెడ్ లేవడం లేదు. కాస్త చూడండి

ప్రశ్న:
అన్నలూ, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో లినక్స్ డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) రాసే పని నాది. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి పిలుపు) రాగానే దాని హ్యాండ్లర్ ఫంక్షన్ ఫ్లాగ్‌ని 1 చేసి, వేక్_అప్_ప్రాసెస్‌తో మా కెర్నల్ థ్రెడ్‌ని లేపాలి. రెండు మూడు రోజులకోసారి అది పడుకుని ఇక లేవదు, పీఎస్ కమాండ్‌లో ‘ఎస్’ (నిద్ర) అని ఉంటుంది, ఫ్లాగ్ చూస్తే 1! ఫ్లాగ్‌ని అటామిక్ (చదవడం, రాయడం మధ్యలో తెగకుండా) చేశాను, అయినా అంతే. 120 సెకన్లు కదలని టాస్క్ గురించి కెర్నల్ ఇచ్చే హంగ్ టాస్క్ మెసేజ్ కూడా రాదు. ఫ్లాగ్ సున్నా అయితే థ్రెడ్ స్టేట్‌ని టాస్క్_ఇంటరప్టిబుల్ (నిద్ర) చేసి, సీపీయూ వదిలేసే షెడ్యూల్ ఫంక్షన్ పిలుస్తున్నా. సోమవారం బోర్డు ఇచ్చేయాలి, బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, తప్పు ఆ వరసలోనే ఉంది. నీ థ్రెడ్ ఫ్లాగ్ చూసింది, సున్నా. స్టేట్ ఇంకా మార్చలేదు, ఈలోగా వేరే కోర్ మీద ఇంటరప్ట్ వచ్చి ఫ్లాగ్ 1 అయింది, వేక్_అప్_ప్రాసెస్ వచ్చి చూస్తే థ్రెడ్ స్టేట్ ఇంకా రన్నింగే, మేలుకునే ఉంది కదా అని ఏమీ చేయకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత నీ థ్రెడ్ స్టేట్ మార్చుకుని పడుకుంది. ఇక లేపేవాళ్ళెవరు? ఫ్లాగ్ అటామిక్ అయితే ఆ ఒక్క విలువ చెడదు, అంతే. చూడడానికీ పడుకోవడానికీ మధ్య సందుని అది మూయదు.

ముందు సెట్_కరెంట్_స్టేట్‌తో స్టేట్ మార్చు, తర్వాత ఫ్లాగ్ చూడు, 1 ఉంటే లూప్ నుంచి బయటికి, లేకపోతే షెడ్యూల్. బయటికొచ్చాక స్టేట్ మళ్ళీ రన్నింగ్. హ్యాండ్లర్‌లో మాత్రం ముందు ఫ్లాగ్, తర్వాతే వేక్_అప్_ప్రాసెస్. హంగ్ టాస్క్ చెక్ ‘డి’ స్టేట్ (సిగ్నల్ వచ్చినా లేవని నిద్ర)లో ఉన్నవాటినే చూస్తుంది, అందుకే నీకు మెసేజ్ రాలేదు.

ప్రశ్న:
ముందు రెండు అండర్‌స్కోర్లున్న సెట్_కరెంట్_స్టేట్ వాడొచ్చా అన్నా?

జవాబు:
పడుకునే ముందు వద్దు. అందులో మెమరీ బ్యారియర్ (రాతలు, చదవడాల వరస తప్పకుండా ఆపేది) లేదు, స్టేట్ రాత మెమరీకి చేరకుండా సీపీయూ స్టోర్ బఫర్‌లో ఉండగానే ఫ్లాగ్ చదవడం అయిపోవచ్చు, ఎక్స్86 మీద కూడా. లూప్ దాటాక రన్నింగ్ చేసేటప్పుడు వాడుకో. ఇంకోటి, స్టేట్ మార్చాక షెడ్యూల్ లోపు మ్యూటెక్స్ (తాళం) పట్టకు, అది మధ్యలో నిద్రపోతే స్టేట్ రన్నింగ్ అయి తిరిగొస్తుంది. కెర్నల్ కాన్ఫిగ్‌లో డీబగ్_అటామిక్_స్లీప్ ఆన్‌లో ఉంటే ఇలాంటివి లాగ్‌లో పడతాయి. నన్నడిగితే ఇదంతా చేత్తో రాయకుండా ఒక వెయిట్ క్యూ పెట్టి వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్ వాడు, కండిషన్‌లో కెథ్రెడ్_షుడ్_స్టాప్ (థ్రెడ్‌ని ఆపమన్నారా అని చూసేది) కూడా కలుపు. అప్పుడు హ్యాండ్లర్‌లో వేక్_అప్_ప్రాసెస్ బదులు ఆ క్యూ మీద వేక్_అప్ పిలవాలి.

ప్రశ్న:
చేత్తోనే మార్చానన్నా, రాత్రంతా ఆగలేదు.

జవాబు:
ఒక్క రాత్రి చాలదు. పాత కోడ్‌లో ఫ్లాగ్ చూడడానికీ స్టేట్ మార్చడానికీ మధ్య ఎండిలే 5 (5 మిల్లీసెకన్ల ఆలస్యం) పెట్టి చూడు, ఆ సందు పెద్దదవుతుంది. కొత్తదాంట్లో స్టేట్‌కీ ఫ్లాగ్‌కీ మధ్య అంతే పెట్టు.

ప్రశ్న:
పాతది మూడు నిమిషాల్లో ఆగిపోయింది. కొత్తది పొద్దున్నించి నడుస్తూనే ఉంది అన్నా.