లోపమున్న సాఫ్ట్‌వేర్‌కూ రీకాల్ (అమ్మినదాన్ని వెనక్కి పిలిపించి సరిచేసివ్వడం) చట్టం ఉండాలా?

కడప మెడికల్ షాపు:
ఉండాలి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పైరీ దాటిన బ్యాచ్‌కు బిల్లు పడేది కాదు. కొత్త అప్‌డేట్ వేశాక పడడం మొదలైంది. బీపీ మాత్రలు ఇచ్చేముందు మా కుర్రోడు తేదీ చూశాడు కాబట్టి సరిపోయింది. ఫోన్ చేస్తే కంపెనీవాళ్లు రిమోట్‌లో మా కంప్యూటర్‌ను సరిచేశారు. ప్రొద్దుటూరులో అదే సాఫ్ట్‌వేర్ వాడే షాపాయన్ను అడిగితే ఆయనకు ఎవరూ చెప్పలేదట! నాకు కోపం వచ్చింది అక్కడే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, బండిలో లోపం తెలిస్తే తయారుచేసినవాళ్లే కేంద్రానికి చెప్పి రీకాల్ మొదలుపెట్టాలి. మందుల షాపు సాఫ్ట్‌వేర్‌కు ఆ బాధ్యత ఎందుకు ఉండకూడదు?

అనంతపురం ప్రోగ్రామర్:
అన్నా, వాళ్లు చెప్పకపోవడం తప్పే. కానీ బగ్, అంటే లోపం, లేని ప్రోగ్రామ్ ఉండదు. చట్టానికి భయపడి సరిగా టెస్ట్ చేయకుండా అప్‌డేట్ పంపితే ఇంకా ప్రమాదం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ప్రతి బగ్‌కూ రీకాల్ అంటే ఇద్దరు ముగ్గురం నడుపుకునే ఆఫీసులు మూసుకోవాల్సిందే.

కర్నూలు నుంచి:
ఇంకో చిక్కు. సాఫ్ట్‌వేర్ అసలు వస్తువేనా? అమ్మేది లైసెన్సు కదా. ఉచితంగా రాసిచ్చేవాళ్ల సంగతేంటి?

కడప మెడికల్ షాపు:
వస్తువేనని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది సార్. సీడీల్లో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌పై అమ్మకం పన్ను కేసు అది, టీసీఎస్‌పై గెలిచింది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పన్ను వేసేటప్పుడు వస్తువైనది, చెడిపోయినప్పుడు కాకుండా పోతుందా? ఉచితంగా ఇచ్చేవాళ్లను వదిలేయండి. యూరప్‌లో 2024లో చేసిన చట్టం సాఫ్ట్‌వేర్‌ను ఉత్పత్తుల్లో చేర్చింది, వ్యాపారం కాని ఓపెన్ సోర్స్‌ను (కోడ్ అందరికీ తెరిచి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను) మినహాయించింది.

తమ్ముడూ, ప్రతి బగ్‌కూ అని నేను అనలేదు. మనిషి ఒంటికి హాని చేసేవాటికే. 1985-87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రంలో సాఫ్ట్‌వేర్ లోపంతో ఆరుగురికి మోతాదు మించి రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. ఒకచోట జరిగింది ఇంకో ఆసుపత్రికి సరిగా చెప్పలేదు. సరిచేసేదానికి నెల పట్టనీ, టెస్ట్ చేసే పంపండి. అంతవరకు తేదీలు చేత్తో చూసుకోండని ప్రతి షాపుకూ ఫోన్ చేసేదానికి ఏం ఖర్చవుతుంది? ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రెన్యువల్‌కు ఆ నంబర్లకే చేస్తున్నారు.