ఇంగ్లీషు సంయుక్త వాక్యంలో కామా: ఒకచోట చాలదన్నారు, ఒకచోట వద్దన్నారు

హన్మకొండ విద్యార్థి:
అందరికీ నమస్కారం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. రామప్ప గుడి మీద రాసిన ఇంగ్లీషు వ్యాసంలో "ద రెయిన్ స్టాప్డ్, వి వెంట్ ఇన్‌సైడ్" అన్న వాక్యానికి ఆ కామా ఒక్కటే చాలదని సారు ఎర్ర గీత గీశారు. "వి సా ద పిల్లర్స్, అండ్ టుక్ ఫొటోస్" అన్నచోట మాత్రం కామానే కొట్టేశారు. "వాన వెలిసింది, మేము లోపలికి వెళ్లాం" అని తెలుగులో రాస్తే తప్పు కానిది ఇంగ్లీషులో ఎందుకు తప్పయింది?

కరీంనగర్ టీచర్:
బాబూ, తెలుగులో రెండు పూర్తి వాక్యాలను కామా ఒక్కటే కలపగలదు కానీ, ఇంగ్లీషులో దానికి అంత బలం లేదు. అక్కడ కామా తర్వాత "అండ్", "బట్", "సో" వంటి సముచ్చయ పదం ఉండాలి, లేదా కామా స్థానంలో సెమికోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ రావాలి. కాబట్టి "ద రెయిన్ స్టాప్డ్, అండ్ వి వెంట్ ఇన్‌సైడ్" అని రాయండి.

రెండో వాక్యం సంగతి వేరు. "అండ్" దాకా బొటనవేలితో మూసి, మిగిలింది చదవండి: "టుక్ ఫొటోస్." ఎవరు తీశారు? తెలుగులో "ఫొటోలు తీశాం" అంటే కర్త చెప్పకపోయినా "మేము" అన్నది క్రియ చివరే తెలిసిపోతుంది కాబట్టి, మన చెవికి అది పూర్తి వాక్యంలాగే వినిపిస్తుంది. ఇంగ్లీషులో "టుక్" ఆ పని చేయదు. కర్త లేనందువల్ల అది విడి వాక్యం కాదు, అందుకే అక్కడ కామా అక్కరలేదు. మన పిల్లల తప్పుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా అనుభవం.

మంచిర్యాల పాఠకుడు:
మేడమ్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. "హౌఎవర్", "దేర్‌ఫోర్" అన్నవి సముచ్చయ పదాలు కావు. పోటీ పరీక్షలకు చదివే రోజుల్లో వాటి ముందు కామా పెట్టి చాలా మార్కులు పోగొట్టుకున్నాను. "ఇట్ వజ్ లేట్; హౌఎవర్, వి స్టేడ్" అన్నట్టు ముందు సెమికోలన్, తర్వాత కామా రావాలి.

హన్మకొండ విద్యార్థి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇది సరిపోతుందా? "ద టెంపుల్ వజ్ బిల్ట్ ఇన్ 1213, బట్ యునెస్కో లిస్టెడ్ ఇట్ ఓన్లీ ఇన్ 2021."

కరీంనగర్ టీచర్:
సరిగ్గా ఉంది బాబూ. "బట్" తర్వాత "యునెస్కో" అనే కర్త ఉంది కాబట్టి, కామా ఉండవలసిన చోటే ఉంది.