నేరం రాజమండ్రి నల్లరాయిదా, మెక్సికోలో పడిన రాయిదా? మహావినాశనాల కారణాలపై ఒక ప్రశ్న

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ):

పదవ తరగతి పిల్లలకు జీవపరిణామం చెబుతుండగా వచ్చిన సందేహం ఇది. 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఒక గ్రహశకలం నేటి మెక్సికో దగ్గర భూమిని ఢీకొనడంతో పక్షులు మినహా డైనోసార్లన్నీ నశించాయని నేను చెప్పాను. అదే కాలంలో దక్కన్ పీఠభూమి మీద పొంగిన లావా రాజమండ్రి దాకా పారిందని చదివిన ఒక విద్యార్థిని వెంటనే లేచి, "అయితే నేరం మన దగ్గరి రాయిదా, మెక్సికోలో పడిన రాయిదా మాస్టారూ?" అని అడిగింది. భూమి చరిత్రలో ఇటువంటి మహావినాశనాలు అయిదు జరిగాయని 1982లో డేవిడ్ రాప్, జాక్ సెప్‌కోస్కీ సముద్రజీవుల శిలాజాల లెక్కలతో చూపారు. వాటిలో కొన్నింటి దగ్గర పెద్ద అగ్నిపర్వత విస్ఫోటనాలు కనిపిస్తున్నాయి, గ్రహశకలం జాడ మాత్రం చివరిదానికే గట్టిగా ఉంది. అన్నింటికీ ఒకే కారణం వెతకడం సబబేనా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

నల్లరాయి (గుంటూరు):

మాస్టారూ, ముందు మీ విద్యార్థిని అడిగినదానికి జవాబు చెబుతాను. రాజమండ్రికి దగ్గర్లో, దేవరపల్లి మండలంలోని గౌరీపట్నం పరిసరాల క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి దక్కన్ లావాయే. పశ్చిమ కనుమల ప్రాంతంలో పుట్టి, ఆనాటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి అప్పటి సముద్రతీరం చేరిందని, మహాబలేశ్వర్ దగ్గరి లావా పొరలతో దాని రసాయన కూర్పు సరిపోలడాన్ని బట్టి చాలామంది భావిస్తున్నారు. ఇక్కడ రెండు లావా పొరల మధ్య సముద్రంలో ఏర్పడిన సున్నపురాయి ఉంది. భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో, కింది లావా పొరకు సరిగ్గా పైన, వినాశనం తరువాతే కనిపించే అతిసూక్ష్మ సముద్రజీవుల గవ్వలు దొరికాయని చూపారు. దక్కన్ విస్ఫోటనాల ప్రధాన దశ వినాశనంతోపాటే ముగిసిందని, కాబట్టి ప్రధాన ముద్దాయి లావాయేనని ఆమె వాదన.

రెండో పక్షం వాదన 1980లో మొదలైంది. భూమి పైపొరలో అత్యంత అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం అనే లోహం, ఇటలీలోని గుబ్బియో దగ్గర సరిగ్గా ఆ కాలపు మట్టిపొరలో అసాధారణంగా ఎక్కువగా ఉందని లూయిస్ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు ప్రకటించారు. మెక్సికోలోని యుకటాన్ తీరంలో పూడిపోయి ఉన్న, సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గల చిక్సులూబ్ బిలమే ఆ ఘాతపు గుర్తు అని 1991లో గుర్తించారు.

2019లో దక్కన్ లావా వయసును రెండు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో కొలిచి ఒకే పత్రికలో ప్రచురించాయి. యురేనియం-సీసం పద్ధతి వాడినవారు గ్రహశకలం పడడానికి కొన్ని పదుల వేల సంవత్సరాల ముందు ఒక పెద్ద ఉద్ధృతి వచ్చిందన్నారు. ఆర్గాన్ పద్ధతి వాడినవారు లావాలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆ తరువాతే పొంగిందన్నారు. ఇంత కచ్చితమైన కొలతలు చేతికొచ్చాక కూడా వాదం తెగకపోవడం విచిత్రమే. నా మట్టుకు నేను గ్రహశకలం వైపే మొగ్గుతాను. దక్కన్ వాయువుల వల్ల వాతావరణం కొన్ని డిగ్రీలు వేడెక్కిన జాడ వినాశనానికి లక్షల సంవత్సరాల ముందే కనిపించి, తిరిగి చల్లబడింది. సముద్రపు సూక్ష్మజీవులు మాత్రం సరిగ్గా ఇరిడియం పొర దగ్గరే ఒక్కసారిగా మాయమయ్యాయి.

పల్నాటి వాసి:

పై జవాబుతో నాకు పేచీ లేదు గానీ, రాయి ఎంత పెద్దది, లావా ఎంత పొంగింది అన్న లెక్క ఒక్కటే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. పసిఫిక్ అడుగున ఉన్న ఒంటాంగ్ జావా పీఠభూమిలోని లావా దక్కన్ కన్నా ఎంతో ఎక్కువ. అయినా దాని కాలంలో అయిదింటిలో చేర్చదగిన వినాశనం జరగలేదు. ఆ వేడి ఏ రాళ్లకు తగిలిందన్నదే నా దృష్టిలో కీలకం.

పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోని కార్బన్ డయాక్సైడ్ ఎలా బయటికి పోతుందో, 25.2 కోట్ల సంవత్సరాల క్రితం సైబీరియాలో అదే పని భూమి లోపల జరిగింది. అక్కడ లావా పైకి పొంగడం వినాశనానికి సుమారు 3 లక్షల సంవత్సరాల ముందే మొదలైంది, అప్పటికి జీవులకు పెద్ద చేటు కలగలేదు. తరువాత శిలాద్రవం పైకి రాకుండా బొగ్గు, ఉప్పు, సున్నపురాయి పొరల మధ్యకు పలకలుగా చొచ్చుకుపోయింది. ఆ పొరలు ఉడికి కార్బన్ డయాక్సైడ్, మీథేన్, ఓజోన్‌ను దెబ్బతీసే క్లోరిన్ సమ్మేళనాలు వెలువడ్డాయి. ఈ మార్పు కాలమూ వినాశన కాలమూ కలుస్తున్నాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఉష్ణమండల సముద్రజలం 8 నుంచి 10 డిగ్రీలు వేడెక్కింది, నీటిలో ప్రాణవాయువు తగ్గింది, సముద్రజీవ జాతుల్లో అయిదింట నాలుగు వంతులకు పైగా అంతరించాయి. నేల మీద కూడా, మన సింగరేణి బొగ్గుగా మారిన గ్లోసాప్టెరిస్ అడవులు ఆ దెబ్బకే పోయాయి. ఆ తరువాత సుమారు కోటి సంవత్సరాల పాటు ప్రపంచంలో ఎక్కడా చెప్పుకోదగ్గ బొగ్గు ఏర్పడలేదు.

చిక్సులూబ్‌లోనూ ఇదే సూత్రం పనిచేసింది. గ్రహశకలం పడినచోట గంధకం ఉండే జిప్సం జాతి రాళ్లు దండిగా ఉండేవి. 2016లో ఆ బిలంలో తవ్వి తీసిన నమూనాల్లో మాత్రం అవి దాదాపు కనిపించలేదు. ఆవిరైపోయిన గంధకమే ఆకాశాన్ని కమ్మి, సూర్యరశ్మిని అడ్డుకుని, ఏళ్ల తరబడి భూమిని చల్లబరిచిందని శాస్త్రజ్ఞుల అంచనా. అది నడిసముద్రంలో పడి ఉంటే కథ మరోలా ఉండేదేమో.

శిలాజప్రియ (గుంటూరు):

పల్నాటి వాసి గారి సూత్రం బాగుంది కానీ అయిదింటికీ అతకదు. 20.1 కోట్ల సంవత్సరాల క్రితం, ఖండాలన్నీ కలిసి ఉన్న పాంజియా చీలి లావా పొంగుతున్నప్పుడు వచ్చిన ట్రయాసిక్ అంత్య వినాశనానికి అది సరిపోతుంది. అప్పుడు మొసళ్ల బంధువుల్లో అనేక శాఖలు పోయి డైనోసార్లకు దారి ఇచ్చాయి కనుక, అగ్నిపర్వతాలే వాటిని గద్దెనెక్కించాయన్నా తప్పులేదు. 44.5 కోట్ల సంవత్సరాల నాటి మొదటి వినాశనం తీరు వేరు. అప్పటి గోండ్వానా ఖండం దక్షిణ ధ్రువం మీద ఉండగా మంచు పేరుకుంది, దాని గీతలు నేటి సహారా రాళ్ల మీద ఉన్నాయి. సముద్రమట్టం పడిపోయి, జీవులు కిక్కిరిసి ఉండే లోతు తక్కువ సముద్రాలు ఎండిపోయాయి. మంచు కరిగాక ప్రాణవాయువు లేని నీరు వ్యాపించి రెండో దెబ్బ కొట్టింది. 37.2 కోట్ల సంవత్సరాల నాటి డెవోనియన్ వినాశనమైతే ఒక్క దెబ్బలో ముగియలేదు. నేల మీద కొత్తగా విస్తరించిన చెట్ల వేళ్లు రాళ్లను శిథిలం చేయగా పోషకాలు సముద్రంలోకి కొట్టుకుపోయి ఆక్సిజన్ హరించాయని ఒక వాదం, సైబీరియాలోని విల్యుయ్ లావా కారణమని మరో వాదం ఉన్నాయి.

సత్యనారాయణపురం మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. "కారణం" అనే మాట కింద ట్రిగ్గర్‌ను, చంపిన విధానాన్ని కలిపి చెప్పడం వల్లే పాఠం గజిబిజిగా మారుతోందని అర్థమైంది. ప్రాణవాయువు కొరత, వేడి, చీకటి అనేవి ముందు వివరించి, వాటి వెనక ఏమున్నదో తరువాత చెబుతాను. గౌరీపట్నం దగ్గరి ఆ సున్నపురాయి పొర పిల్లలకు చూపించే వీలుంటుందా?

నల్లరాయి:

పాత క్వారీ గోడల్లో రెండు నల్లని పొరల మధ్య కొన్ని మీటర్ల మందాన లేత రంగు పట్టీలా కనిపిస్తుంది, అందులో ఆలుచిప్పల శిలాజాలు కూడా ఉంటాయి. పని జరుగుతున్న చోట పేలుళ్లు ఉంటాయి కాబట్టి, యజమాని నుంచి ముందే అనుమతి తీసుకుని, పని ఆపిన రోజు చూసుకుని, గోడకు దూరంగా నిలబెట్టి చూపించండి.