రేకు తీస్తారా, తయారు చేస్తారా?

మాది కోనసీమ. సంక్రాంతికి ఊళ్ళో పూతరేకుల పోటీ పెట్టాలనుకుంటూ కరపత్రం రాయమని నాకు అప్పగించారు. కుర్రాళ్ళు ఇచ్చిన చిత్తుప్రతిలో 'పూతరేకుల బేకింగ్ పోటీ' అని ఉంది. అది కొట్టేసి 'పూతరేకుల తయారీ పోటీ' అని మార్చి మా పెద్దమ్మకు చదివి వినిపించాను. "తయారీ ఏంట్రా? రేకు తీసే పోటీయా, చుట్టే పోటీయా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఆ మాటే బుర్రలో తిరుగుతోంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

బేకింగ్ అంటే మనకున్న దగ్గరి మాట కాల్చడం. రొట్టె కాలుస్తాం, మొక్కజొన్న పొత్తు కాలుస్తాం, కుమ్మరి ఆవంలో కుండలు కాలుస్తాడు. పూతరేకుకూ నిప్పే ఆధారం. నున్నటి కుండను బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగేస్తే, కన్ను మూసి తెరిచేలోపు కాగితం లాంటి రేకు అంటుకుని ఉంటుంది. అయినా 'రేకులు కాల్చాను' అని అన్నవాళ్ళను నేను చూడలేదు. 'రేకులు తీశాను' అంటారు. వెన్న తీయడం, తేనె తీయడం, పట్టుకాయ నుంచి దారం తీయడం ఎలాగో ఇదీ అలాగే. పని అంతా ఆఖర్న చిరగకుండా పైకి లేపడంలోనే ఉందని ఆ క్రియ చెబుతోంది. 'తయారీ' అనగానే అదంతా పోతుంది. సబ్బుకూ సైకిలుకూ కూడా తయారీయే కదా.

మీ వైపు ఏమంటారో చెప్పండి.

— మాస్టారూ, మాది వరంగల్ దగ్గర. మా దిక్కు సకినాలు చేసుడు అనరు, 'సకినాలు పోసుడు' అంటరు. పిండిని వేళ్ళతో మెలితిప్పుకుంటూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా పోస్తరు. నూనెలో వేసేది ఆ తర్వాత. మా అమ్మ 'ఇయ్యాల సకినాలు పోస్తున్నం' అంటే ఇరుగుపొరుగంతా వస్తది, ఒక్కరితో అయ్యే పని కాదు. మీ పెద్దమ్మ అన్నదే కరెక్టు.

— చిన్న సందేహం అండీ. పూతరేకు అంటే పూల రేకు నుంచి వచ్చిందని చిన్నప్పటినుంచి అనుకుంటున్నాను. పువ్వు రేకంత పలచగా ఉంటుంది కాబట్టి. తప్పా?

అమ్మా, పోలిక అందమైనదే, కానీ పేరు అటునుంచి రాలేదు. పూల రేకు అయితే 'పూరేకు' అయ్యేది. ఇక్కడున్నది పూత. గోడకు సున్నం పూత, నగకు బంగారు పూత లాంటిది. కుండకు పిండి పూస్తే వచ్చిన రేకు కాబట్టి పూతరేకు. అయితే మీ ఊహ పుట్టడానికి కారణం ఉంది. మామిడి చెట్టుకొచ్చేదీ పూతే. 'మల్లె పూసింది', 'గంధం పూసింది', వాడుకలో రెంటికీ ఒకే రూపం. రేకు కూడా అంతే: తామర రేకూ రేకే, ఇంటి కప్పు మీద రేకూ రేకే, అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులూ రేకులే. పలచగా పరుచుకున్నదేదైనా రేకు. రెండు తెలుగు మాటలు పక్కపక్కన చేరి చేసే పద్ధతినీ చెప్పాయి, రూపాన్నీ చెప్పాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంతోషించాం. ఆ పేరుతో పాటు దాని క్రియలు కూడా నిలవాలని నా కోరిక.

— అన్నా, పోటీ ఒకటా రెండా తేల్చారా?

రెండు. పెద్దమ్మ పట్టుబట్టింది, ఆవిడదే న్యాయం. రేకు తీసే చెయ్యి వేరు, చుట్టే చెయ్యి వేరు. ఆత్రేయపురం వైపు ఇంట్లో రేకులు తీసి అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు, వాటిని కొని నెయ్యి, పంచదార లేదా బెల్లం వేసి చుట్టేవాళ్ళు వేరే ఉన్నారు. ఎండు రేకును అలాగే మడిస్తే పెళుసుగా విరిగిపోతుంది, కాస్త తడి తగిలించి మెత్తబడ్డాక చుట్టాలి. తడి ఎక్కువైతే ముద్దయిపోతుంది. ఆ కొలత గిన్నెతోనో చెంచాతోనో వచ్చేది కాదు. కాబట్టి మార్కుల కాగితంలో 'క్వాలిటీ', 'ఫినిషింగ్' తీసేశాను. మొదటి పోటీకి: రేకు పలచన, చిరుగు లేకపోవడం, మాడు లేకపోవడం. రెండోదానికి: మడత విరగకపోవడం, నెయ్యి అన్ని పొరలకూ అందడం, నోట్లో వేయగానే కరగడం. చదివినవాళ్ళెవరూ అర్థం కాలేదనలేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. గుడ్డను పిండిలో ముంచి, కుండ మీద పరిచి, వెంటనే లాగేసే ఆ ఒక్క కదలిక ఉంది చూశారా, దానికి ప్రత్యేకమైన మాట మీ ఇళ్ళల్లో ఎవరైనా వాడగా విన్నారా? పెద్దమ్మను అడిగితే చేత్తో చూపించింది కానీ పేరు చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఊరి పేరుతో సహా రాయండి, కరపత్రం అచ్చుకు వెళ్ళేలోపు చేరుస్తాను.